లైను ఖాళీ, ఫైలు కదలదు: భారీ డేటా నెట్‌వర్కుల వెనుక నలభై ఏళ్ల కథ

ఒక టెరాబైట్ డేటాను 10 గిగాబిట్ల లైను మీద పంపితే లెక్క ప్రకారం 13 నిమిషాల చిల్లర పడుతుంది. పరిశోధన సంస్థల్లో పనిచేసేవాళ్లను అడిగి చూడండి, ఆ 13 నిమిషాలు ఎంతమందికి అనుభవంలోకి వచ్చాయో. రాత్రి పెట్టి వెళ్లిన కాపీ తెల్లారి చూస్తే నాలుగైదు శాతం దగ్గరే ఉంటుంది. విసిగిపోయి చివరికి హార్డ్ డిస్క్ కొరియర్ చేస్తారు. నెట్‌వర్క్ విభాగానికి ఫోన్ చేస్తే, "లైను బానే ఉందండీ, సగం కూడా వాడట్లేదు" అంటారు. వాళ్లు చెప్పేదీ అబద్ధం కాదు. లైను ఖాళీగానే ఉంటుంది, ఫైలు మాత్రం కదలదు. ఇది ఇప్పుడు పుట్టిన సమస్య కాదు. దీని మూలాలు 1986లో ఉన్నాయి.

ఆ ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్కిలీ ల్యాబ్‌కూ, పక్కనే ఉన్న బర్కిలీ విశ్వవిద్యాలయానికీ మధ్య నెట్‌వర్క్ కుప్పకూలింది. రెండింటికీ దూరం 400 గజాలు. సెకనుకు 32 కిలోబిట్లు వెళ్లాల్సిన చోట 40 బిట్లు వెళ్లాయి. కిలోబిట్లు కాదు, బిట్లు. అంటే సెకనుకు ఐదు అక్షరాలు. తీగ తెగలేదు, యంత్రం చెడిపోలేదు. దారిలో రద్దీ పెరిగి ప్యాకెట్లు (డేటాను కోసి పంపే చిన్న ముక్కలు) రాలిపోతుంటే, పంపే కంప్యూటర్లు అందలేదనుకుని మళ్లీ మళ్లీ పంపాయి. దాంతో రద్దీ ఇంకా పెరిగింది. ల్యాబ్‌లో పనిచేసే వాన్ జాకబ్సన్, విశ్వవిద్యాలయంలోని మైక్ కారెల్స్ దీని మీద కూర్చుని 1988లో పరిష్కారం ప్రచురించారు. దాని సారం ఇది: నెమ్మదిగా మొదలుపెట్టు, అందిన కొద్దీ వేగం పెంచు, ఒక్క ప్యాకెట్ పోయినా దారిలో రద్దీ ఉందని అర్థం చేసుకుని వేగం సగానికి తగ్గించు.

ఇంటర్నెట్ ఈ రోజు నిలబడి ఉందంటే ఆ సూత్రం వల్లే. అందులో నాకు ఎలాంటి సందేహమూ లేదు. కాకపోతే 'ప్యాకెట్ పోయిందంటే రద్దీ ఉన్నట్టే' అన్న ఆ ఊహ తర్వాత భారీ ఫైళ్ల పాలిట పెద్ద అడ్డంకి అయింది.

దానికంటే ముందు ఇంకో చిక్కు ఉంది. నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంపే పద్ధతికి తొలి ముసాయిదా రాసింది మనవాడే. ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్‌లో చదివి ఎంఐటీకి వెళ్లిన అభయ్ భూషణ్ 1971 ఏప్రిల్‌లో ఎఫ్‌టీపీని ప్రతిపాదించారు. అప్పట్లో ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్ లైన్లు 50 కిలోబిట్లవి. ఆ తర్వాత వచ్చిన టీసీపీని, అంటే డేటా తప్పిపోకుండా అవతలికి చేర్చే నియమాలను, కూడా ఆ కాలపు వేగాలకు తగ్గట్టే రూపొందించారు. జాకబ్సన్ సూత్రం చేరింది కూడా ఇందులోనే. అవతలి నుంచి 'అందింది' అన్న కబురు వచ్చేలోపు ఎంత డేటా పంపవచ్చో చెప్పే అంకెకు అందులో 16 బిట్ల చోటే ఇచ్చారు. అంటే ఒక విడతకు గరిష్ఠంగా 65,535 బైట్లు. దాన్నే విండో అంటారు.

దూరం పెరిగితే ఇదెలా దెబ్బతీస్తుందో చూడండి. నాగార్జునసాగర్ కాలువ ఎంత వెడల్పున్నా, చివరి ఆయకట్టుకు నీళ్లు ఆగకుండా అందాలంటే కాలువ పొడుగునా నీళ్లు నిండి ఉండాలి. నాలుగు బిందెలు పోసి, అవి చివరికి చేరాయన్న కబురు వచ్చాక మరో నాలుగు పోస్తానంటే కాలువ వెడల్పు ఎందుకూ పనికిరాదు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. మన దేశం నుంచి యూరప్‌కు ప్యాకెట్ వెళ్లి జవాబు రావడానికి 150 మిల్లీసెకన్లు అనుకుందాం. 65,535 బైట్ల విండోతో వచ్చే వేగం సెకనుకు 3.5 మెగాబిట్లు. లైను 10 గిగాబిట్లదైనా, 100 గిగాబిట్లదైనా అంతే. ఆ లెక్కన మన టెరాబైట్ ఫైలుకు పట్టేది 26 రోజులు.

1992లో జాకబ్సన్, బాబ్ బ్రేడెన్, డేవిడ్ బోర్మన్ కలిసి ఈ విండోను పెద్దది చేసుకునే వీలు కల్పించారు. ప్రమాణం అయితే వచ్చింది గానీ అది బల్లల మీది కంప్యూటర్లలోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. విండోస్‌లో ఈ విండో దానంతటదే పెరిగే ఏర్పాటు 2007లో అమ్మకానికి వచ్చిన విస్టాతో గానీ మామూలు వాడకందార్లకు అందలేదు. అప్పటిదాకా పెద్ద ఫైళ్లు పంపాలంటే సెట్టింగులు చేత్తో మార్చుకోవాల్సిందే. ఆ పని తెలిసినవాళ్లు సంస్థకు ఒకరిద్దరుంటే గొప్ప.

ఇదంతా పరిశోధకులకు ప్రాణం మీదికి వచ్చింది యూరప్ కణభౌతిక ప్రయోగశాల సెర్న్ వల్ల. జెనీవా దగ్గర లార్జ్ హాడ్రాన్ కొలైడర్ కడుతున్నప్పుడే, అది పుట్టించే డేటాను ఒక్కచోట దాచి లెక్కలు వేయడం కుదరదని తేలిపోయింది. అంచెల పద్ధతి పెట్టుకున్నారు. సెర్న్ మూల కేంద్రం, దాని కింద మొదటి అంచెగా కొన్ని దేశాల్లోని పెద్ద కేంద్రాలు, వాటి కింద ప్రపంచమంతా రెండో అంచె కేంద్రాలు. మన దేశంలో ముంబయిలోని టీఐఎఫ్‌ఆర్, కోల్‌కతాలోని వీఈసీసీ ఈ రెండో అంచెలో ఉన్నాయి. మొత్తం మీద 40కి పైగా దేశాల్లో 170 దాకా కేంద్రాలు. ఇవన్నీ రాత్రింబవళ్లు డేటా ఇచ్చిపుచ్చుకుంటేనే పని సాగుతుంది.

అందుకే సెర్న్, కాల్‌టెక్ మనుషులు మెషిన్ నడవకముందే వేగం మీద పడ్డారు. 2003 అక్టోబరులో వాళ్లు 7,000 కిలోమీటర్ల దూరానికి సెకనుకు 5.44 గిగాబిట్ల వేగంతో 1.1 టెరాబైట్లను అరగంటలోపే పంపి రికార్డు సృష్టించారు. ఏరి తెచ్చిన యంత్రాలు, శుభ్రంగా ఉన్న దారి, నిపుణులు దగ్గరుండి చేసిన ట్యూనింగ్ ఉంటేనే అది సాధ్యమైంది. రోజువారీ పనికి ఆ వేగం రావడం ఎంత కష్టమో అదే ఏడాది నెట్‌వర్క్ పరిశోధకురాలు శాలీ ఫ్లాయిడ్ లెక్క కట్టి చూపించారు. ప్యాకెట్ వెళ్లి జవాబు రావడానికి 100 మిల్లీసెకన్లు పట్టే దూరంలో 10 గిగాబిట్ల వేగం నిలబెట్టుకోవాలంటే 500 కోట్ల ప్యాకెట్లకు ఒకటికి మించి పోకూడదు. పోయిందా, వేగం సగానికి పడిపోతుంది. పాత పద్ధతిలో వెళ్లివచ్చే ప్రతిసారికీ ఒక్కో ప్యాకెట్ చొప్పున పెంచుకుంటూ తిరిగి పూర్తి వేగానికి రావడానికి గంటకు పైగా పడుతుంది.

ఈ చిక్కుకు రెండు దారులు వెతికారు. ఫైలును ముక్కలు చేసి ఒకేసారి అనేక ప్రవాహాలుగా పంపే గ్రిడ్‌ఎఫ్‌టీపీ వంటివి ఒక దారి. ఒక ప్రవాహం తగ్గినా మిగతావి నడుస్తుంటాయి. రెండోది టీసీపీ పద్ధతినే మార్చడం. ఇంజాంగ్ రీ బృందం తయారుచేసిన క్యూబిక్ 2006లో లైనక్స్‌కు డిఫాల్ట్ అయింది, 2016లో గూగుల్ నుంచి బీబీఆర్ వచ్చింది. రెండూ ఉపకరించాయి. అయినా క్యాంపస్‌లలో ఫిర్యాదులు ఆగలేదు.

అసలు సంగతి బయటపెట్టింది ఈఎస్‌నెట్ ఇంజినీర్లు. అమెరికా ఇంధన శాఖ ప్రయోగశాలలను కలిపే నెట్‌వర్క్ అది, మొదలైంది 1986లోనే. వాళ్లు రాసిపెట్టిన ఒక ఘటన ఈ రంగంలో ఉన్న ప్రతివాళ్లూ చదవాలి. ఒక రూటర్‌లోని 10 గిగాబిట్ల లైన్ కార్డు చెడిపోతూ 22,000 ప్యాకెట్లకు ఒకటి వదిలేస్తోంది. శాతంలో చెబితే 0.0046. ఆ నష్టం రూటర్ తన ఎర్రర్ లెక్కల్లో చూపించలేదు. పక్క భవనానికి పంపేవాళ్లకు తేడా తెలియదు. దూరాలకు పంపేవాళ్లకు మాత్రం నరకం. పాత టీసీపీ సూత్రంతో లెక్కేస్తే 100 మిల్లీసెకన్ల దూరంలో అంత చిన్న నష్టానికే ఒక ప్రవాహం వేగం 20 మెగాబిట్ల దగ్గర ఆగిపోతుంది. పది గిగాబిట్ల లైను మీద! ఇలాంటిది పట్టుకోవాలంటే ఒకటే మార్గం, రెండు కొసల మధ్య విడవకుండా కొలుస్తూ ఉండటం. పర్ఫ్‌సోనార్ అనే కొలత వ్యవస్థ అందుకే పుట్టింది.

ఇంకో ఘటన పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కళాశాలది. వర్జీనియా టెక్ రవాణా పరిశోధన కేంద్రంతో వాళ్లకు డేటా మార్పిడి ఉండేది. లైను గిగాబిట్, దూరం పది మిల్లీసెకన్లు, వేగం మాత్రం 50 మెగాబిట్లు. వెతగ్గా వెతగ్గా కళాశాల ఫైర్‌వాల్‌లో (బయటి నుంచి వచ్చే డేటాను తనిఖీ చేసే కాపలా యంత్రం) ఒక భద్రతా ఫీచర్ దొరికింది. విండో పెంచుకునే సంకేతాన్ని అది పాడుచేస్తోంది. 1992లో తీరిపోయిన సమస్య, 64 కిలోబైట్ల ఆ పాత హద్దు, ఇరవై ఏళ్ల తర్వాత ఫైర్‌వాల్ రూపంలో మళ్లీ వచ్చి కూర్చుంది. ఆ ఫీచర్ ఆపగానే వేగం అనేక రెట్లు పెరిగింది.

ఫైర్‌వాల్ చెడ్డదని దీని అర్థం కాదు. వేలమంది ఈమెయిళ్లు, బ్రౌజింగ్ వంటి చిన్న చిన్న ప్రవాహాలను కాపాడటానికి దాన్ని తయారుచేస్తారు. లోపల ప్రాసెసర్లు చాలా ఉంటాయి, ఒక్కోదాని సత్తువ తక్కువ, ప్యాకెట్లను కాసేపు నిలిపి ఉంచే బఫర్లూ చిన్నవి. ఒక్క భారీ ప్రవాహం ఒక్కసారిగా వచ్చి పడితే తట్టుకోలేక ప్యాకెట్లు వదిలేస్తుంది. ఈ గ్రహింపుతోనే ఈఎస్‌నెట్‌కు చెందిన ఎలై డార్ట్, సహచరులు సైన్స్ డీఎంజెడ్ అనే నమూనాను ముందుకు తెచ్చారు. క్యాంపస్‌లోకి లైను వచ్చే గుమ్మం దగ్గరే పరిశోధన డేటాకు వేరే చోటు. అక్కడ ఫైళ్లు పంపడానికే కేటాయించిన సర్వర్, పక్కనే కొలత యంత్రం. భద్రతకు ఫలానా సంస్థల నుంచి, ఫలానా పోర్టులకే అనుమతి అనే జాబితా రూటర్‌లోనే ఉంటుంది. ఆ సర్వర్‌లో ఈమెయిల్ ఉండదు, బ్రౌజర్ ఉండదు కాబట్టి దాడికి దొరికే సందులూ తక్కువే. 2012 నుంచి అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ క్యాంపస్‌లకు ఇలాంటి ఏర్పాట్ల కోసమే నిధులివ్వడం మొదలుపెట్టింది. దేశవ్యాప్త లైన్లకు ఇవ్వడం ఎప్పటినుంచో ఉంది. గేటు లోపలి పనికి విడిగా డబ్బు పెట్టడమే కొత్త.

మన దగ్గర కథ ఇక్కడే వేరుగా నడిచింది. 1986లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో ఐఐటీలు, ఐఐఎస్‌సీ వంటి సంస్థలను కలుపుతూ ఎర్నెట్ మొదలైంది. 1989లో అమెరికాకు దొరికిన లైను 9.6 కిలోబిట్లది. అక్కడినుంచి శామ్ పిట్రోడా నాయకత్వంలోని జాతీయ విజ్ఞాన కమిషన్ సిఫార్సు మీద నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ దాకా వచ్చాం. 2010 మార్చిలో కేంద్ర మంత్రివర్గం దానికి 5,990 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 1,500 సంస్థలను కలపాలన్నది లక్ష్యం. అది చాలా పెద్ద నిర్ణయం, మంచి నిర్ణయం కూడా. అయితే ఆ ఊపు గేటు లోపలికి అంతగా రాలేదన్నది నా అభిప్రాయం. బయటి నుంచి గిగాబిట్ లైను వచ్చి ఒక ఫైర్‌వాల్‌లోకి, దాని వెనుక హాస్టళ్ల వీడియోలతో కలిసిన అదే నెట్‌వర్క్‌లోకి వెళ్తే, ల్యాబ్‌లో కూర్చున్న విద్యార్థికి ఆ లైనుతో ఒరిగేది ఏముంది? హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఐఐటీ హైదరాబాద్ రెండూ అమెరికాలోని ఫెర్మీ ల్యాబ్‌లో సాగే నోవా న్యూట్రినో ప్రయోగంలో భాగస్వాములు. అంత దూరంతో పనిచేసేటప్పుడు మధ్యలో ఎక్కడ ఒక్క ప్యాకెట్ పోయినా ఆ ప్రభావం ఇక్కడి బల్ల మీద కనిపిస్తుంది.

హార్డ్ డిస్కులు పంపడం నామోషీ ఏమీ కాదు. 2019లో ప్రపంచం చూసిన కృష్ణబిలం చిత్రానికి కావలసిన డేటా విమానాల్లోనే వెళ్లింది. దక్షిణ ధ్రువంలోని టెలిస్కోపు డిస్కులైతే అక్కడి చలికాలం ముగిసే దాకా ఆగి, 2017 డిసెంబరులో చేరాయి. అక్కడ ఇంకో దారి లేదు. మన క్యాంపస్‌లలో దారి ఉంది.

సెర్న్‌లో 2030 తర్వాత నడవబోయే మెరుగుపరచిన కొలైడర్ కోసం ఇప్పటికే రిహార్సళ్లు సాగుతున్నాయి. 2024 ఫిబ్రవరిలో రెండు వారాల పాటు, అప్పటికి కావలసిన రద్దీలో నాలుగో వంతును నెట్‌వర్క్‌ల మీద పోసి చూశారు. ఇలాంటి పరీక్షకు మన సంస్థలు ఏడాదికోసారి తమంతట తాము కూర్చోవచ్చు. పెద్ద ఖర్చేమీ ఉండదు. ఒక మంచి సర్వర్, రెండు కొసల్లో పర్ఫ్‌సోనార్, నెట్‌వర్క్ విభాగంలో ఆ అంకెలు రోజూ చూసే ఒక మనిషి చాలు. కొత్త లైనుకు టెండర్ పిలిచే ముందే ఈ పని జరగాలి, ఎందుకంటే 22,000 ప్యాకెట్లకు ఒకటి వదిలే కార్డును అలాగే ఉంచి 100 గిగాబిట్లు కొన్నా, ఆ దూరపు ప్రవాహం ఆ 20 మెగాబిట్ల దగ్గరే ఆగుతుంది.