చలి పొద్దున మొరాయించే పాత బండి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ పాత ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్ బండి చలి పొద్దుల్లో స్టార్ట్ కావడం లేదని, బ్యాటరీ మార్చాలా, ఇంజన్ లోపల ముందుగా వేడి పుట్టించే హీటర్ ప్లగ్గులు మార్చాలా అని అడిగారు. రెండూ ఇప్పుడే కొనకండి. ఒకప్పుడు నేనూ ఇలాగే తొందరపడి నాలుగు హీటర్ ప్లగ్గులూ కొత్తవి వేయించాను. మర్నాడు పొద్దున బండి మళ్లీ అదే మొండితనం చూపించింది. అసలు తప్పు ఎక్కడ దొరికిందో కాసేపట్లో చెబుతాను.

ఈ జబ్బు రోజుకు ఒక్కసారే కనిపిస్తుంది. రాత్రంతా చల్లారిన ఇంజన్ పొద్దున ఒక్కసారి అంటుకుందంటే, ఇక సాయంత్రం దాకా తాళం తిప్పగానే పలుకుతుంది. అప్పుడు ఎంత వెతికినా ఏమీ దొరకదు. కాబట్టి ఆ మొదటి నిమిషాన్ని కంగారుగా సెల్ఫ్ కొట్టి పాడుచేసుకోవద్దు. ఒకరు తాళం దగ్గర కూర్చోండి, ఇంకొకరు వెనక పక్కకు నిలబడి పొగ గొట్టాన్ని చూడండి. చూసింది చూసినట్టు కాగితం మీద రాయండి.

అంతకన్నా ముందు ఒక జాగ్రత్త. ఈ బండ్లలో గేరు లీవర్ పక్కన, ఇంజన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ లీవర్ ఇంకొకటి ఉంటుంది. అది న్యూట్రల్‌లో ఉంటే, మీరు గేరులో పెట్టి వదిలినా, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో పెట్టినా బండి ఆగదు, దొర్లిపోతుంది. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డం పెట్టాకే బానెట్ ఎత్తండి. తలుపులు మూసిన గ్యారేజీలో మాత్రం ఇంజన్ నడపవద్దు. ఆ పొగ ప్రాణాలు తీస్తుంది.

డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ ఉండదు. పిస్టన్ గాలిని దాదాపు 20వ వంతుకు నొక్కేస్తుంది. ఆ నొక్కుడుకి గాలి మండేంత వేడెక్కుతుంది, అందులో చల్లిన డీజిల్ అంటుకుంటుంది. చలిలో సిలిండర్ గోడలు ఆ వేడిని పీల్చేస్తాయి. అందుకే పాత ఇంజన్లలో ఒక్కో సిలిండర్‌కు ఒక్కో హీటర్ ప్లగ్ ఉంటుంది. అంటే పొద్దున ఇంజన్ అంటుకోవాలంటే సెల్ఫ్ చురుగ్గా తిరగాలి, డీజిల్ అందాలి, వేడి ఉండాలి. వీటిలో ఏది తగ్గిందో మీ చెవి, మీ కన్నే చెబుతాయి.

సెల్ఫ్ ఈడుస్తూ తిరుగుతోందా? అయితే మల్టీమీటర్ తీయండి. రాత్రంతా కదలకుండా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం దాకా ఖాళీ అయినట్టే. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 9.6 కన్నా కిందికి పడిపోతే బ్యాటరీని అనుమానించాలి. అక్కడ పడకుండా సెల్ఫ్ మాత్రం నీరసంగా ఉంటే, మీటరు ఒక తీగ బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజన్ ఇనుము మీద పెట్టి మళ్లీ సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్తింగ్ చెడింది. బురదలో, వాగుల్లో తిరిగిన బండికి ఇది మామూలే, ఎర్త్ పట్టీ కింద తుప్పు పడుతుంది. గీకి శుభ్రం చేసి బిగిస్తే చాలు. ఇంకో మాట, క్లచ్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టండి. గేరు బాక్సులో చలికి చిక్కబడిన ఆయిల్‌ను కూడా తిప్పే బరువు సెల్ఫ్ మీద పడదు.

సెల్ఫ్ బాగా తిరుగుతూ పొగ గొట్టం నుంచి తెల్లని పొగ వస్తోందా? డీజిల్ లోపలికి వెళ్తోంది, మండడం లేదు. హీటర్ ప్లగ్గులు చూడాల్సింది అప్పుడు. వాటిని కలిపే పట్టీ విప్పి, ఒక్కో ప్లగ్ కొనకు, బ్యాటరీ ప్లస్‌కు మధ్య టెస్ట్ బల్బు పెట్టండి. వెలగని చోట ప్లగ్ కాలిపోయినట్టు. అన్నీ వెలిగితే, తాళం ఆన్ చేసినప్పుడు ఆ పట్టీకి కరెంటు వస్తోందో లేదో చూడండి. ప్లగ్గులు బాగుండి, వాటికి కరెంటు వదిలే స్విచ్చు, అంటే రిలే, పోయిన బండ్లు చాలానే చూశాను. ఒక్క ప్లగ్ పోతే ఇంజన్ అంటుకుంటుంది గానీ కాసేపు వణుకుతూ నడుస్తుంది.

ఎంత తిప్పినా పొగే లేదా? డీజిల్ అందడం లేదు. నా బండి సంగతి ఇదే. ఇది నాకు చాలా రోజులు అంతు పట్టలేదు. చివరికి కాగితం మీద రాసుకున్నవి చదువుతుంటే ఒకటి కనిపించింది. ముక్కు ఎత్తు వైపు పెట్టి ఆపిన రాత్రుల తర్వాతే బండి మొరాయిస్తోంది. ముక్కు పల్లానికి ఉన్న రోజు హాయిగా స్టార్ట్ అవుతోంది. ట్యాంకు వెనక ఉంటుంది కదా, రాత్రంతా పైపులోని డీజిల్ వెనక్కి జారిపోయి ఆ చోట గాలి నిండుతోంది. ట్యాంకు నుంచి డీజిల్ లాగే పైపులో సన్నని చీలిక ఉన్నా చుక్క కారదు, గాలి మాత్రం దూరుతుంది. అందుకే బయట తడి కనబడలేదు. ఫిల్టర్‌కూ ఇంజన్‌కు డీజిల్ పంపే పెద్ద పంపుకూ మధ్య చిన్న పారదర్శక పైపు ముక్క పెట్టి చూస్తే బుడగలు కనిపించాయి. మీరు ఇంకా సులువుగా తెలుసుకోవచ్చు. పొద్దున తాళం ముట్టకముందే ఫిల్టర్ దగ్గరి చేతి పంపును గట్టిపడేదాకా నొక్కండి. వెంటనే స్టార్ట్ అయితే దోషం గాలిదే. అప్పటికీ పొగ రాకపోతే, తాళం ఆన్ చేయగానే ఆ పెద్ద పంపు మీది డీజిల్ కటాఫ్ సోలెనాయిడ్, అంటే కరెంటుతో డీజిల్ దారి తెరిచే మీట, టక్కుమంటోందా వినండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి తెల్లపొగ పోకపోతేనే ఇంజెక్టర్లు, టైమింగ్, కంప్రెషన్ వైపు వెళ్లాలి. అది మెకానిక్ పని.

స్టార్టింగ్ స్ప్రే అని ఈథర్ డబ్బా అమ్ముతారు. హీటర్ ప్లగ్గులున్న ఇంజన్‌లోకి దాన్ని కొట్టకండి. ఎర్రగా కాలిన ప్లగ్‌కు తగిలి వేళ కాని వేళ పేలుతుంది, పిస్టన్ పగిలిపోవచ్చు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరేం చెప్పినా వినవద్దు. సెల్ఫ్ కూడా ఒక్కసారికి 10 సెకన్లు మించకుండా కొట్టి, ఒక నిమిషం ఆగి మళ్లీ కొట్టండి.

వరసగా మూడు పొద్దులు చూసి నాకు రాయండి. సెల్ఫ్ ఎలా తిరిగింది, పొగ వచ్చిందా, వస్తే ఏ రంగు, రాత్రి బండి ముక్కు ఎటు ఉంది, ఎన్నోసారికి అంటుకుంది. మీ ఉత్తరం కోసం చూస్తుంటాను.

మీ తాతయ్య