ముందు పార, తర్వాతే తాడు: దిగబడ్డ బండిని లాగడంలో అపోహలు - వాస్తవాలు

నా రికవరీ వ్యాను వెనక తలుపు మీద అరచేయంత సొట్ట ఉంది. షెడ్డుకి తీసుకెళ్లినప్పుడల్లా పెయింటర్ "లేపేద్దామా అన్నా" అంటాడు, నేను వద్దంటాను. చిలకలూరిపేట దగ్గర నల్లరేగడి చేలో దిగబడ్డ కారును లాగుతుంటే తాడు తెగింది. దాని కొసనున్న ఇనప కొక్కెం ఎగిరొచ్చి తగిలిన చోటు అది. అంతకు రెండు నిమిషాల ముందు మా కుర్రాడు సరిగ్గా అక్కడే నిలబడి ఫోన్ మాట్లాడుతున్నాడు. "అవతలికి పోయి మాట్లాడుకోరా" అని కసిరాను. జాగ్రత్త కోసం కాదు, వాడి గోల భరించలేక. అప్పటినుంచి ఏ బండి దగ్గరికెళ్లినా నా మొదటి పని చుట్టూ చేరిన జనాన్ని దూరం పంపడమే. తాడు పొడవు పది మీటర్లయితే కనీసం పదిహేను మీటర్ల అవతలే ఎవరైనా నిలబడాలి.

రోడ్డు మీద రోజూ వినే మాటలు కొన్ని, వాటిలో నిజమెంతో చెబుతాను.

"ఇంకొంచెం యాక్సిలరేటర్ తొక్కు, వచ్చేస్తుంది"

రాదు, ఇంకా దిగుతుంది. మామూలు కారులో బలమంతా తేలిగ్గా తిరిగే చక్రానికే పోతుంది. బురదలో ఉన్న చక్రం గిరగిరా తిరుగుతుంటే గట్టి నేల మీదున్నది కదలదు. రేగడి అయితే టైరు గాళ్లన్నీ పూడిపోయి బోడి టైరులా తయారవుతుంది.

సైన్యం వాళ్ల రికవరీ లెక్క ఒకటి నాకు బాగా పనికొచ్చింది. చక్రాల మేర దిగితే బండి బరువంత బలం కావాలి. మడ్‌గార్డుల దాకా దిగితే దానికి రెట్టింపు, బాడీ కూడా మునిగితే మూడు రెట్లు. అంటే రెండు టన్నుల బండి మడ్‌గార్డుల దాకా కూరుకుపోతే నాలుగు టన్నుల లాగుడు. అదే పార తీసుకుని అరగంట చక్రాల ముందూ వెనకా తవ్వి, బాడీ కింద మట్టి తీసేస్తే ఆ లెక్క సగానికి పడిపోతుంది. పార పట్టుకోమంటే కారు ఓనర్లు నా వంక వింతగా చూస్తారు. క్రేన్‌కి డబ్బులిస్తున్నది ఇందుకా అన్నట్టు!

సూర్యలంక బీచ్ ఇసుకలో ఇరుక్కున్న వాళ్లకైతే చాలాసార్లు తాడు అక్కర్లేదు. టైర్లలో గాలి 15-18 పీఎస్ఐకి తగ్గించి, చక్రాల ముందు ఇసుక తీసి, వచ్చిన జాడలోనే మెల్లగా వెనక్కి రండి. రోడ్డెక్కాక మళ్లీ గాలి నింపాకే స్పీడు.

"తాడు లావుగా ఉంటే చాలు"

లావు సంగతి తర్వాత, అది సాగే తాడా సాగని తాడా అన్నది ముందు చూడాలి. నైలాన్ రికవరీ తాడు దాదాపు మూడో వంతు సాగుతుంది. లాగే బండి కొంచెం ఊపు తీసుకుంటే ఆ ఊపును తనలో దాచుకుని మెల్లగా అవతలి బండికి అందిస్తుంది. పాలిస్టర్ బెల్టు అంతగా సాగదు. దాంతో జర్క్ ఇవ్వకూడదు, తాడు బిగిశాక నిదానంగా లాగాలి. గొలుసు అసలే సాగదు. గొలుసుతో జర్క్ ఇస్తే ఆ దెబ్బంతా కట్టిన చోట పడుతుంది. ఇంట్లో ఉన్న కొబ్బరి మోకు సంగతి సరేసరి.

తాడు తెగే బలం రెండు బండ్లలో తేలికదాని బరువుకు రెండు, మూడు రెట్లుండాలి. తెగితే కలిపి ముడేస్తామంటారు. ముడి పడ్డ చోట తాడు బలం మూడో వంతు నుంచి సగం దాకా పోతుంది. ఒక తాడు చాలక రెండు తాళ్లను మధ్యలో ఇనప షాకిల్ (తాడును బండికి తగిలించే యూ ఆకారపు కొక్కెం) పెట్టి కలపడం ఇంకా ప్రమాదం, తెగినప్పుడు అదే తూటా అవుతుంది. షాకిల్ కొనేటప్పుడు దాని మీద బరువు అచ్చు వేసి ఉందో లేదో చూడండి. 19 మి.మీ. మంచి బో షాకిల్ మీద 4.75 టన్నులని ఉంటుంది. ఏ అచ్చూ లేని కొక్కెం గేటుకు వాడుకోండి, బండికి వద్దు.

లాగే ముందు తాడు మధ్యలో తడి గోనె సంచి వేయండి. తెగితే ఆ బరువుకు తాడు కిందికి పడుతుంది.

"బంపర్‌కి కట్టెయ్, గార్డు గట్టిదే"

ఆ గార్డును పట్టుకుని ఉన్నవి నాలుగు బోల్టులు. 2017 డిసెంబరులో కేంద్రం ఈ గార్డులు చట్టవిరుద్ధమని రాష్ట్రాలకు రాసింది కూడా. డిక్కీలో జాకీ పక్కన చూడండి, మరతో ఉన్న రింగు ఒకటి ఉంటుంది. బంపర్ మీద చిన్న మూత తీసి దాన్ని అందులో బిగించాలి. కొన్ని కార్లలో మర ఎడమవైపు తిరుగుతుంది. అది తెలియక "పట్టడం లేదు" అని సగం బిగించి వదిలేసినవి ఎన్నో చూశాను. వీల్ స్పానర్ దూర్చి పూర్తిగా బిగించండి. అదీ చదునైన రోడ్డు మీద ఆగిపోయిన బండిని మెల్లగా లాగడానికే, బురదలోంచి జర్క్‌తో పీకడానికి కాదు.

"ట్రాక్టర్ వస్తే చిటికెలో పని"

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. ఊళ్లో అందరికీ ముందు గుర్తొచ్చేది ట్రాక్టరే, బలమూ ఉంది. కానీ లోడు కదలక, వెనక చక్రాలు నేలను గట్టిగా పట్టుకుంటే ఇంజిన్ బలం ఎటు పోవాలి? చక్రం తిరగలేక ట్రాక్టరే ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ముందు చక్రాలు లేస్తాయి. చూస్తున్నవాళ్లు ఈలలు వేస్తారు. అక్కడినుంచి వెల్లకిలా పడి స్టీరింగ్ డ్రైవర్ గుండెల మీదికి రావడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. కాలు క్లచ్ దాకా వెళ్లే లోపే అయిపోతుంది.

తాడు ఎంత ఎత్తున కడితే అంత తేలిగ్గా తిరగబడుతుంది. ఒకసారి ఒక పెద్దాయన ట్రాక్టర్ వెనక పైన ఉండే టాప్ లింక్ కడ్డీ దగ్గర కడుతుంటే ఆపాను.

"బాబాయ్, కింద డ్రాబార్‌కి కట్టు."

"అక్కడైతే తాడు బురదలో పడుద్దయ్యా."

"పడనీ, కడుక్కుందాం."

డ్రాబార్, అంటే ట్రాలీ తగిలించే పట్టీ, ఇరుసు కంటే కిందుంటుంది కాబట్టే అక్కడ కట్టమనేది. లో గేరు, తాడు బిగిసేదాకా నిదానం, ముందు చక్రం లేచిన క్షణం క్లచ్. ట్రాక్టరే దిగబడితే వెనక చక్రాలకు దుంగ కట్టి ఎక్కించే పాత పద్ధతి మానండి, అది తిరగబడడానికి దగ్గరి దారి. వెనకున్న ట్రాలీ విప్పేసి, తవ్వి, రివర్స్‌లో రండి.

"రోడ్డెక్కింది కదా, ఇక తాడుతోనే ఇంటిదాకా"

ఇంజిన్ ఆగితే బ్రేకు రాయిలా ఉంటుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. తాళం ఆన్‌లో పెట్టకపోతే స్టీరింగ్ లాకే పడుతుంది. ఆటోమేటిక్ గేరు బండ్లను, ఎలక్ట్రిక్ కార్లను నడిపే చక్రాలు నేల మీదుండగా లాగితే గేర్‌బాక్సో మోటారో పాడవుతుంది, అవి ఫ్లాట్‌బెడ్ (బండిని మొత్తంగా పైకెక్కించుకునే లారీ) మీదే రావాలి. మామూలు బండికైనా రెండింటి మధ్య దూరం 5 మీటర్లు దాటకూడదని, వెనక బండికి తెల్ల బోర్డు మీద 75 మి.మీ. నల్ల అక్షరాలతో 'ఆన్ టో' (తాడుతో లాక్కెళ్తున్న బండి) అని ఉండాలని రోడ్డు నియమం.

జాతీయ రహదారి మీదైతే 1033కి ఫోన్ చేయండి. మాలాంటి వాళ్లకు చేసేటప్పుడు బండి ఏ మేర దిగింది, ఆటోమేటిక్కా కాదా, ఎటునుంచి దిగారు, ఈ మూడూ చెప్పండి. చక్రాలు కనబడేలా ఒక ఫొటో పంపండి. ఏ తాడు తేవాలో, ఎన్ని పారలు వేసుకోవాలో దాన్ని చూసే నిర్ణయిస్తాను.