చిగుళ్ల చీము, కిడ్నీ జబ్బు: నూరేళ్లు దాటిన వాదన

పంటి చీముకూ ఒంట్లో జబ్బులకూ ముడి ఉందన్న మాట కొత్తది కాదు. 1900లో లండన్ వైద్యుడు విలియం హంటర్ ఆ మాట రాశారు. 1910లో మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయంలో ప్రసంగిస్తూ, చీము పట్టిన పళ్ల మీద బంగారు తొడుగులు వేయడాన్ని దుయ్యబట్టారు. చికాగోలో ఫ్రాంక్ బిల్లింగ్స్ ఈ వాదాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. కీళ్లవాతం, గుండె జబ్బు, కిడ్నీ వాపు లాంటి వాటికి పళ్లలో, టాన్సిల్స్‌లో దాగిన చీమే మూలమన్నారు.

దాంతో వేలమందికి పళ్లు పీకేశారు. ఇది వైద్యం చేసిన పెద్ద తప్పుల్లో ఒకటి. 1938లో సెసిల్, ఆంజెవిన్ 200 మంది కీళ్లవాత రోగులను పరిశీలించి, పళ్లు తీసినందువల్ల మేలు కనిపించలేదని తేల్చారు. ఆ తర్వాత వాదం మొత్తాన్నీ అటకెక్కించారు. అది రెండో తప్పు.

1989లో ఫిన్లండ్ పరిశోధకులు గుండెపోటు రోగుల నోటి ఆరోగ్యం అధ్వానంగా ఉందని చూపాక చర్చ మళ్లీ మొదలైంది. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుకు 2002లో స్పష్టమైన నిర్వచనం వచ్చింది. 2005లో అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లలో కిడ్నీ పనితీరు తగ్గడం ఎక్కువగా ఉందని గుర్తించింది. 2016లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ బృందం అమెరికా సర్వే లెక్కలను విశ్లేషించింది. కిడ్నీ రోగుల్లో పదేళ్ల మరణాల రేటు 32 శాతం ఉంటే, చిగుళ్ల జబ్బు కూడా తోడైన వాళ్లలో 41 శాతానికి చేరింది. అంతమాత్రాన చిగుళ్లకు వైద్యం చేస్తే కిడ్నీ బాగుపడుతుందని రుజువైనట్టు కాదు.

పంటికీ చిగురుకూ మధ్య సందును గీతల పుల్లతో కొలుస్తారు. 3 మిల్లీమీటర్ల దాకా మామూలే. 4 గానీ అంతకు మించి గానీ ఉండి, పుల్ల తగలగానే నెత్తురు కారితే లోపల పుండు ఉన్నట్టు. అన్నం నమిలినా, బ్రష్ చేసినా అక్కడి క్రిములు రక్తంలోకి దూరతాయి. దాంతో ఒళ్లంతా సన్నగా రగిలే వాపు రక్తనాళాలను దెబ్బతీస్తుంది. కిడ్నీలో ఉన్నవి ఎక్కువగా సన్న రక్తనాళాలే. ఎదురు దారి కూడా ఉంది. కిడ్నీ చెడితే లాలాజలంలో యూరియా పెరుగుతుంది, నోరు ఎండుతుంది, గార త్వరగా గట్టిపడుతుంది. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి చిగుళ్లు ఉబ్బి పళ్ల మీదికి వస్తాయి.

తెలుగునాట కిడ్నీ అనగానే ఉద్దానం గుర్తొస్తుంది. అక్కడి జబ్బును చిగుళ్లకు అంటగట్టే ఆధారం లేదు. కానీ కిడ్నీ రోగి ఎక్కడున్నా, పన్ను నొప్పికి మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వేసుకుంటే ఉన్న పనితీరూ పోవచ్చు. పారాసిటమాల్ మేలు, మోతాదు డాక్టర్‌ను అడగాలి. డయాలసిస్ చేయించుకునేవాళ్లు గార తీయించుకోవడానికి మర్నాడు వెళ్లాలి: అదే రోజైతే, నెత్తురు గడ్డకట్టకుండా డయాలసిస్‌లో ఇచ్చే హెపారిన్ ప్రభావం ఇంకా ఉండి నెత్తురు త్వరగా ఆగదు.