పాత ఇల్లు కొనేముందు చూడాల్సినవి: అపోహలు – వాస్తవాలు

అమ్మకానికి వచ్చిన పాత ఇళ్లను కొనేవాళ్ల తరఫున పరిశీలించి చెప్పడం నా వృత్తి. ఇల్లు చూడటానికి వెళ్లినవాళ్లు ఎక్కువగా గదులు ఎంత పెద్దవో, గాలీ వెలుతురూ ఎలా ఉన్నాయో చూసి వచ్చేస్తారు. నేను మాత్రం ముందు నీళ్ల దారి పట్టుకుంటాను. వాన నీరు ఎటు పోతోంది, ఏ పైపు కారుతోంది, నేలలోని చెమ్మ గోడలో ఎంత ఎత్తుకు ఎక్కింది అని చూస్తాను. పాత ఇంట్లో పెద్ద ఖర్చు తెచ్చిపెట్టే లోపాలు చాలావరకు అక్కడే మొదలవుతాయి.

అపోహ: కొత్తగా రంగులు వేశారు, అంటే ఇంటిని బాగా చూసుకున్నట్టే.

వాస్తవం: అమ్మేముందు రంగులు వేయించడం మామూలే, అందులో తప్పు లేదు. కానీ ఒక్క గోడకో, సీలింగ్‌లో ఒక మూలకో మాత్రమే కొత్త రంగు కనిపిస్తే అక్కడ ఆగి అడగండి. చెమ్మ మరకను రంగు కొన్నాళ్లే దాచగలదు.

మరక ఎక్కడుందో దాన్నిబట్టి కారణం ఊహించవచ్చు. గోడ కింది భాగంలో, నేల నుంచి మీటరు లోపు రంగు పొక్కి తెల్లటి పొడి రాలుతుంటే నేలలోని తేమ పైకి ఎక్కుతోందని అనుమానించాలి. నీరు ఆవిరైపోగా మిగిలిన లవణాలే ఆ పొడి. సీలింగ్ అంచున మరక ఉంటే పైకి వెళ్లి స్లాబు, పిట్టగోడ కలిసే చోటు చూడండి. గోడ మధ్యలో ఉంటే అవతల బాత్రూమ్ ఉందేమో చూడండి. బీరువాలు, మంచాల వెనక్కి కూడా టార్చ్ వేయండి. వీలైతే వాన పడిన మర్నాడు మరోసారి వెళ్లండి. పొడి రోజుల్లో బయటపడనివి ఆ రోజు బయటపడతాయి.

అపోహ: గోడకు పగులుందంటే ఆ ఇల్లు వద్దు.

వాస్తవం: పగులు లేని పాత ఇల్లు దాదాపు ఉండదు. ప్లాస్టరింగ్ మీద వెంట్రుకంత సన్నగా, 1 మిల్లీమీటరు లోపు ఉండే పగుళ్లకు టెన్షన్ అక్కర్లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయేవి, ఇటుకల సందుల వెంట మెట్లు మెట్లుగా దిగేవి, గోడకు రెండు వైపులా ఒకే చోట కనిపించేవి వేరు. పునాది ఒక పక్క కుంగితే ఇలాంటివి వస్తాయి. వెడల్పు 5 మిల్లీమీటర్లు దాటితే స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి చూపించకుండా ముందుకెళ్లొద్దు.

నా దృష్టిలో వెడల్పు కన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: కదలిక ఆగిందా, ఇంకా సాగుతోందా? పగులులో దుమ్ము, పాత రంగు చేరి ఉంటే అది ఎప్పటిదో అయ్యుండొచ్చు. పూడ్చిన చోటే మళ్లీ చీలి ఉంటే కదలిక ఆగలేదు. ఆ గది తలుపు మూసి చూడండి. పైన సందు ఒకవైపు సన్నగా, మరోవైపు వెడల్పుగా ఉంటే దర్వాజా వంకర తిరిగిందన్నమాట.

అపోహ: కాంక్రీటు పిల్లర్లు, స్లాబు ఉన్న ఇంటికి ఎన్నేళ్లయినా ఢోకా లేదు.

వాస్తవం: కాంక్రీటులోని క్షారగుణమే లోపలి ఇనుప చువ్వలను కాపాడుతుంది. క్షారగుణాన్ని చెప్పే కొలత పీహెచ్, కొత్త కాంక్రీటులో అది 12 నుంచి 13 వరకు ఉంటుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి చేరే కొద్దీ అది 9 కన్నా కిందికి పడిపోతుంది. దానికి తేమ తోడైతే చువ్వకు తుప్పు మొదలవుతుంది. తుప్పుకు ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు కావాలి, అందుకే అది కాంక్రీటును లోపలి నుంచి బయటికి తోస్తుంది. ముందు చువ్వ వెంబడి తిన్నగా ఒక పగులు వస్తుంది, తర్వాత పెచ్చులు ఊడతాయి.

బాత్రూమ్ కింద ఉండే స్లాబు, వాటర్ ట్యాంక్ అడుగు, సన్‌షేడ్ అంచులు, మెట్ల కింది భాగం తప్పకుండా చూడండి. యజమానిని అడిగి స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. గుల్లగా మోగితే పొర విడిపోయినట్టే. గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చిన బాల్కనీ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. దాని బరువు మోసే ప్రధాన చువ్వలు స్లాబు పైభాగంలో ఉంటాయి. అడుగు చూడ్డానికి బాగున్నా, గోడను కలిసే చోట పైన పొడవునా పగులుంటే దాని మీద నిలబడకండి.

అపోహ: రీబౌండ్ హ్యామర్ టెస్టులో (స్ప్రింగు సుత్తితో కాంక్రీటును కొట్టి, అది ఎంత వెనక్కి ఎగురుతుందో చూసే పరీక్ష) మంచి రీడింగ్ వచ్చింది, ఇక అనుమానం లేదు.

వాస్తవం: ఆ పరికరం చెప్పేది పైపొర గట్టిదనం. పైన చెప్పినట్టు కార్బన్ డయాక్సైడ్ చేరడం వల్లే పాత కాంక్రీటు పైపొర గట్టిపడుతుంది, రీడింగ్ అసలు బలం కన్నా ఎక్కువ చూపిస్తుంది. ఫినాఫ్తలీన్ పరీక్ష కూడా అడగండి. అప్పుడే చెక్కిన చోట ఆ ద్రావణం చల్లితే క్షారగుణం మిగిలిన భాగం గులాబీ రంగుకి మారుతుంది. రంగు మారని పొర చువ్వ దాకా వెళ్లిందంటే చువ్వకు ఆ రక్షణ పోయినట్టే.

అపోహ: లైట్లు వెలుగుతున్నాయి, కుళాయిలో నీళ్లొస్తున్నాయి, ఇంకేం చూడాలి?

వాస్తవం: మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన వెనక ఎర్త్ వైరు ఉందని కాదు, ఎలక్ట్రీషియన్‌తో టెస్ట్ చేయించండి. 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉందా, టెస్ట్ బటన్ నొక్కితే అది ట్రిప్ అవుతోందా చూడండి. పాత జీఐ పైపులు (జింకు పూత వేసిన ఇనుప పైపులు) లోపల తుప్పు పేరుకుని ఇరుకైపోతాయి. రెండు మూడు కుళాయిలు ఒకేసారి తిప్పితే ధార ఎంత తగ్గుతుందో చూడండి. చాలాసేపు వాడని కుళాయిలో మొదట వచ్చే నీటి రంగు కూడా గమనించండి.

అపోహ: మేడ మీద పిల్లర్ల చువ్వలు వదిలారు, కాబట్టి ఇంకో అంతస్తు వేసుకోవచ్చు.

వాస్తవం: ఆ చువ్వలు కట్టించినవాళ్ల ఉద్దేశం చెబుతాయి, పునాది బలం చెప్పవు. ఏళ్లుగా ఎండావానల్లో ఉండి అవే తుప్పుపట్టి సన్నబడి ఉండొచ్చు. ఒరిజినల్ స్ట్రక్చరల్ డ్రాయింగులు అడగండి. లేవంటే, పునాది పక్కన గొయ్యి తీయించి దాని వెడల్పు, లోతు చూసి ఇంజినీర్ లెక్క వేయాలి. పై అంతస్తు ఆశతో అమ్మేవాళ్లు ధర ఎక్కువ చెబుతుంటే, ఆ లెక్క చేతికొచ్చాకే బేరం మాట్లాడండి.