"పొద్దుటి నుంచి ఏమీ తినలేదండీ": ఆకలి, కడుపు నిండటం గురించి అపోహలు - వాస్తవాలు

నా గదిలోకి వచ్చి కూర్చోగానే చాలామంది చెప్పే మొదటి మాట "పొద్దుటి నుంచి ఏమీ తినలేదండీ". అందులో కాస్త గర్వం ఉంటుంది. రెండో మాట గొంతు తగ్గించి చెబుతారు: "రాత్రయితే మాత్రం కంట్రోల్ ఉండట్లేదు." డైటీషియన్‌గా పనిచేస్తున్న ఇన్నేళ్లలో ఈ రెండు మాటలూ ఇదే వరసలో వినని వారం లేదు. మొదటిదాని వల్లే రెండోది వస్తోందని చెబితే నమ్మరు. డైట్ చార్ట్ ఇస్తారనుకుంటే ఇదేం గోల అన్నట్టు చూస్తారు.

అపోహ: ఆకలిని ఎంతసేపు ఆపుకుంటే అంత లాభం. ఆపుకోలేకపోతే మనకు మనోనిబ్బరం లేనట్టు.

వాస్తవం: "కాసేపు ఓర్చుకుంటే ఆకలి అదే చచ్చిపోతుంది" అంటారు. అలా అనిపించే మాట నిజమే. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఉంది, 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. ఎక్కువగా కడుపు నుంచే వస్తుంది. మనం రోజూ తినే వేళకు ముందు పెరుగుతుంది, ఆ పూట తినకపోయినా కాసేపటికి తగ్గుతుంది. ఆకలి అలలా వచ్చి వెనక్కి వెళ్లడాన్ని మనం గెలుపనుకుంటాం. శరీరానికి అందాల్సింది మాత్రం అందలేదు. ఆ బాకీ సాయంత్రానికి వడ్డీతో సహా వచ్చి, చెప్పులు విప్పీ విప్పకముందే వంటింట్లోకి నడిపిస్తుంది.

మనోనిబ్బరం సంగతి కూడా తేల్చేద్దాం. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద ఒక ప్రయోగం చేశాడు. అందరూ కోరి వచ్చినవాళ్లే. 24 వారాల పాటు వాళ్లకు కావలసినదాంట్లో దాదాపు సగమే పెట్టారు. అంతకుముందు తిండి గురించి పెద్దగా పట్టించుకోనివాళ్లు కూడా వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. ప్రయోగం అయ్యాక కొందరు ఇక పట్టనంత తిన్నా ఆకలి తీరలేదన్నారు. ఆ కుర్రాళ్లకు పట్టుదల లేదని ఎవరైనా అనగలరా? మరి పగలంతా మాడి, రాత్రి పది గంటలకు డబ్బా మూత తీసిన మనిషిని ఎందుకంటున్నాం?

అసలు నష్టం ఇంకోటుంది. మాడిపోయి కూర్చున్నవాళ్లకు కడుపు నిండిన సంగతి వేళకు తెలియదు. తినేకొద్దీ కడుపు సాగుతుంది, ఆ కబురు వేగస్ నాడి ద్వారా మెదడుకు చేరుతుంది. ఆహారం చిన్నపేగు మొదట్లోకి దిగాక, అందులోని కొవ్వూ ప్రోటీనూ తగిలి సీసీకే అనే హార్మోన్ విడుదలవుతుంది. ఇంకా కిందినుంచి జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లు వస్తాయి. ఇవన్నీ మెదడుకు "చాలు" అని చెప్పేవే. వీటన్నిటికీ కొంత టైమ్ పడుతుంది. నకనకలాడుతూ కూర్చున్న మనిషి ఏడు నిమిషాల్లో పళ్లెం ఖాళీ చేసి మళ్లీ వడ్డించుకుంటాడు. కబురు దారిలోనే ఉంటుంది. ఆకలి రుచెరుగదని మన పెద్దలు ఊరికే అనలేదు, చాలు అనే మాట కూడా దానికి వినపడదు.

నా సంగతే చెబుతాను. ట్రైనింగ్ రోజుల్లో వార్డు పనిలో పడి మధ్యాహ్నం భోజనం ఎగ్గొట్టేదాన్ని. ఇంటికొచ్చి, భుజానికి బ్యాగు ఉండగానే, గిన్నె దగ్గర నిలబడి గరిటెతోనే తినేసేదాన్ని. తర్వాత మామూలుగా కూర్చుని భోంచేసేదాన్ని, ఎందుకంటే నిలబడి తిన్నది నా లెక్కలో తిండే కాదు. పగలంతా రోగులకు తిండి గురించి క్లాసులు పీకిన మనిషిని నేను! కడుపు నిండటంలో జ్ఞాపకానికి కూడా వాటా ఉందని తర్వాత చదివాను. 1998లో పాల్ రోజిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం, కొత్తగా జరిగినదేదీ గుర్తుండని ఇద్దరు రోగులకు భోజనం పెట్టి, కాసేపయ్యాక మళ్లీ పెట్టింది. వాళ్లు రెండోది కూడా తినేశారు. మూడోది పెడితే చాలాసార్లు దాన్నీ మొదలుపెట్టారు. ఫోన్ చూస్తూ తిన్నవాళ్లను "ఏం తిన్నారు?" అని అడిగి చూడండి, సగం మంది తడుముకుంటారు.

అందుకని నేను చెప్పేది ఒకటే పని. ఆకలికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేయండి. సున్నా అంటే చేతులు వణికేంత ఆకలి, పది అంటే కదల్లేనంత నిండుదనం. మూడు, నాలుగు దగ్గర తినడం మొదలుపెట్టండి. ఒకటి దాకా ఆగకండి. మధ్యాహ్న భోజనానికీ రాత్రి భోజనానికీ ఆరేడు గంటల ఎడం ఉంటే మధ్యలో ఏదైనా చిన్నది తినండి, ఓ గుడ్డో, పండో, గుప్పెడు గింజలో. ప్రోటీన్, పీచు ఉన్నది అయితే నిలుస్తుంది. రోజుకు రెండు పూటలే తిని రాత్రి ప్రశాంతంగా చేయి కడుక్కునేవాళ్లు ఉన్నారు, వాళ్లతో నాకు పేచీ లేదు. నా గొడవంతా రాత్రి అదుపు తప్పుతోందని ఏడ్చేవాళ్ల గురించే.

అపోహ: ఇక ఒక్క ముద్ద కూడా పట్టదు అనిపిస్తేనే కడుపు నిండినట్టు.

అది నిండటం కాదండీ, భుక్తాయాసం. నా మార్కుల్లో తొమ్మిది. ఆపాల్సింది ఆరు, ఏడు దగ్గర. అది ఎలా తెలుస్తుందని అందరూ అడుగుతారు. పళ్లెం సగమయ్యాక చేయి పక్కన పెట్టి రెండు నిమిషాలు ఆగండి. మొదటి ముద్దకున్న రుచి ఇప్పటి ముద్దకు ఉందా? చేయి పళ్లెంలోకి అదే తొందరతో వెళ్తోందా? ఆకలి పోయి, బరువు ఇంకా రాకపోతే సరిగ్గా అక్కడే ఉన్నట్టు. మొదటి వారం ఏమీ తెలియదు. టెన్షన్ పడకండి, ఏళ్ల తరబడి విననిది ఒక్కరోజులో వినపడదు. పళ్లెంలో మిగిలితే మూత పెట్టి దాచుకోండి.

భోజనం ముగిశాక తీపికి చోటెలా వస్తుందని నవ్వుతారు గానీ, అందులో వింతేం లేదు. ఒకే రుచికి నాలుక విసుగెత్తుతుంది, కొత్త రుచి రాగానే మళ్లీ లేచి కూర్చుంటుంది. కావాలంటే తినండి, కానీ అది ఆకలి అనుకోకండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. కడుపులో గుడగుడలాడితే ఆకలేనా? ప్రతిసారీ కాదు. భోజనాల మధ్య సుమారు గంటన్నర, రెండు గంటలకోసారి పేగులు తమను తాము ఊడ్చుకుంటాయి, ఆ చప్పుడు కూడా కావచ్చు. ఇరవై నిమిషాలకు మెదడులో గంట మోగుతుందా? గంటేమీ లేదు, సంకేతాలు మొదటి నిమిషాల నుంచే మొదలై మెల్లగా బలపడతాయి, నెమ్మదిగా తినమనడానికి అదొక గుర్తు మాత్రమే. నీళ్లు తాగి ఆకలిని మోసం చేయొచ్చా? కాసేపే. పక్కన గ్లాసులో తాగిన నీళ్లకన్నా, వంటకంలోనే కలిసిన నీళ్లు, అంటే సూప్ లాంటిది, ఎక్కువ నిలుస్తుందని పోషకాహార శాస్త్రవేత్త బార్బరా రోల్స్ ప్రయోగంలో తేలింది. కేలరీలు సమానమైతే అన్నీ సమానంగా నిండుతాయా? 1995లో సుసానా హోల్ట్ అనే పరిశోధకురాలి బృందం 38 ఆహారాలను సమాన కేలరీలతో పెట్టి చూస్తే, ఉడికించిన బంగాళదుంప అన్నిటికన్నా ముందు నిలిచింది, వెన్న పొరలతో చేసే క్రోసాంట్ అనే బేకరీ రొట్టె అట్టడుగున పడింది. బంగాళదుంపను తిట్టిపోసేవాళ్లకు ఈ ముక్క చెప్పడం నాకు భలే సరదా.

నిద్ర సంగతి వదిలేయలేను. వరసగా రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే ఆరోగ్యవంతులైన కుర్రాళ్లలోనే గ్రెలిన్ పెరిగి, ఆకలిని తగ్గించే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గిందని 2004లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. పసిబిడ్డతో రాత్రంతా మేలుకున్న తల్లి పగలు ఆకలని తిరుగుతుంటే ఆమెను ఏమీ అనకండి.

రెండు సందర్భాల్లో ఈ మార్కుల లెక్క పక్కన పెట్టాలి. షుగర్‌కు ఇన్సులిన్, లేదా షుగర్‌ను బాగా దించే మాత్రలు వాడేవాళ్లకు ఉన్నట్టుండి ఆకలి, చెమట, వణుకు వస్తే పరీక్షించుకోండి. 70 కన్నా తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్ వెంటనే తీసుకుని, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోండి. రెండోది, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం వారాల తరబడి ఉండి, బరువు కూడా తగ్గుతుంటే సంతోషించకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఒకావిడకు నోట్‌బుక్ ఇచ్చి గంటగంటకూ రాయమన్నాను. మొదటిసారి తెచ్చినప్పుడు సాయంత్రం ఏడు దాకా గడులన్నీ ఖాళీ. ఏడు దగ్గర ఒక్కటే మాట: "చాలా". ఏం తిన్నారో రాయడానికి సిగ్గేసిందట. మూడు వారాల తర్వాత తెచ్చిన పేజీలో నాలుగున్నర దగ్గర "ఆకలి 3, గుడ్డు, పండు" అని ఉంది. రాత్రి ఎనిమిది గడిలో "ఆకలి 4" అని మొదలుపెట్టి, తిన్నవన్నీ వరసగా రాసి, చివర్లో చిన్న అక్షరాలతో రాసుకుంది: "కొంచెం మిగిలింది. ఎందుకాపానో తెలీదు. చాలు అనిపించింది."