చిలియాడ్ కొండ మీద ఎవరూ లేరు

జీటీఏ శాన్ ఆండ్రియాస్ అనే వీడియో గేమ్‌లో గాంట్ బ్రిడ్జి అని ఒక పెద్ద ఎర్ర వంతెన ఉంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్‌కి నకలు. కీబోర్డు మీద రాకెట్‌మ్యాన్ అని కొడితే జెట్‌ప్యాక్ వస్తుంది. అది తగిలించుకుని వంతెన స్తంభం చిట్టచివరికంటా ఎగిరితే అక్కడో చిన్న బోర్డు. ఇక్కడ ఈస్టర్ ఎగ్గులేం లేవు, ఇక వెళ్లు అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఈస్టర్ ఎగ్గులంటే గేమ్ చేసినవాళ్లు సరదాకి దాచిపెట్టే రహస్యాలు.

గేమ్‌లో ఏ పనీ లేని చోట, ఎవరూ ఎక్కని ఎత్తులో, ఏమీ లేదని చెప్పడానికి ఒకరు కూర్చుని బోర్డు తయారు చేశారన్నమాట. అది చదివినవాడు ఊరుకుంటాడా? పక్క స్తంభం కూడా ఎక్కి చూస్తాడు.

ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, జీటీఏ 6 మ్యాప్ లీకైందనో, అందులో ఫలానా ఊరుందనో ఒక వీడియో ఎదురవుతుంది. 2026 నవంబర్ 19న వస్తుందని జీటీఏలు తయారుచేసే రాక్‌స్టార్ కంపెనీ ప్రకటించిన గేమ్ అది. ఆ వీడియోల్లో చాలావరకు అభిమానులు వండినవే. ఈమధ్య ఆ వంట కూడా ఏఐ చేసిపెడుతోంది. అయినా జనం నమ్ముతున్నారంటే దానికో కారణం ఉంది. 2022 సెప్టెంబర్‌లో ఆ గేమ్ తయారీ దశలోని దాదాపు 90 క్లిప్పులు నిజంగానే బయటపడ్డాయి. మొదట చూసినవాళ్లు ఫేక్ అని కొట్టిపారేశారు. తర్వాత కంపెనీయే అవునని ఒప్పుకుంది. ఒకసారి నిజమైంది కాబట్టి ఇక ప్రతిదీ నిజం కావచ్చు.

గేముల పుకార్ల చరిత్రంతా ఈ పద్ధతిలోనే నడిచింది. పక్కింటి గోడకు ఆనించి వేసిన పాకలాగా, ప్రతి అబద్ధానికీ ఆనుకోవడానికి ఒక నిజం పక్కనే ఉంది.

మొదటి గోడ కట్టింది అటారీ అనే అమెరికా గేముల కంపెనీ. ఆ కంపెనీ అప్పట్లో గేమ్ రాసినవాళ్ల పేర్లు ఎక్కడా వేసేది కాదు. వారెన్ రాబినెట్ అనే ప్రోగ్రామర్‌కు అది నచ్చలేదు. 1980లో వచ్చిన అడ్వెంచర్ అనే గేమ్‌లో, కంటికి ఆనని ఒక బూడిదరంగు చుక్కను పట్టుకెళ్తే తప్ప తెరుచుకోని గదిలో తన పేరు రాసి దాచుకున్నాడు. కంపెనీకి కూడా చెప్పలేదు. ఒక కుర్రాడు దాన్ని కనిపెట్టి ఉత్తరం రాస్తే తెలిసింది. తీసేద్దామనుకుని, ఇదీ బాగానే ఉందని వదిలేశారు. ఈస్టర్ ఎగ్ అనే మాట గేముల్లోకి అలా వచ్చింది. ఆ రోజు నుంచి ఆడేవాళ్లకు ఒకటి అర్థమైంది: గోడ వెనక గది ఉండొచ్చు.

ఇక అసలు పుకారు. 1991లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ స్ట్రీట్ ఫైటర్ 2 అనే ఫైటింగ్ గేమ్ విడుదల చేసింది. అందులో ర్యూ అనే పాత్ర గెలిస్తే ఓడినవాడితో ఒక మాట అంటాడు. జపనీస్‌లో దాని అర్థం, నా షోర్యుకెన్ దెబ్బను తట్టుకోలేనంత వరకూ నువ్వు నన్ను గెలవలేవని. ఇంగ్లీషులోకి మార్చినవాళ్లు ఆ దెబ్బ పేరులోని అక్షరాలను చైనా ఉచ్చారణలో చదివారు. షెంగ్ లాంగ్ అయింది. దెబ్బ కాస్తా మనిషైపోయింది. షెంగ్ లాంగ్‌ని ఓడిస్తే తప్ప నీకు గెలిచే దారి లేదని తెర మీద పడేసరికి, ఎవరీ షెంగ్ లాంగ్ అని అమెరికా పిల్లలంతా వెతకడం మొదలుపెట్టారు.

ఎలక్ట్రానిక్ గేమింగ్ మంత్లీ అనే పత్రిక 1992 ఏప్రిల్ సంచికలో జవాబు చెప్పింది. ర్యూతో ఆడాలి. ఒక్క దెబ్బ కూడా తినకుండా చివరి విలన్ బైసన్ దాకా రావాలి. అక్కడ అతన్ని కొట్టకూడదు, దెబ్బ తినకూడదు. అలా పది రౌండ్లు డ్రా అయితే షెంగ్ లాంగ్ దూకి వచ్చి బైసన్‌ని అవతల పారేసి నీతో తలపడతాడు. ఈ చిట్కా పంపినాయన ఊరి పేరు ఫుల్డిజెన్ అని వేశారు. గబగబా చదివితే ఫూల్డ్ అగెయిన్ అని వినిపిస్తుంది, అంటే మళ్లీ మోసపోయావని. ఎంతమంది గబగబా చదివారో గానీ, ఇతర పత్రికలు సైతం నిజమనుకుని ఎత్తి వేసుకున్నాయి. ఇది ఏప్రిల్ ఫూల్ అని ఆ పత్రిక డిసెంబర్‌లో గానీ చెప్పలేదు.

ఈ పుకారు పనితనం ఆ షరతుల్లో ఉంది. అబద్ధమని నిరూపించాలంటే ముందు ఆ అసాధ్యం చేసి చూపించాలి. చేయలేనివాడు తన ఆటనే అనుమానించుకుంటాడు గానీ పత్రికను కాదు. మొక్కు ఫలించకపోతే మొక్కుబడిలో ఏదో లోపం జరిగి ఉంటుందని సర్దిచెప్పుకోవడం మనకు తెలియనిదేం కాదు.

రెండేళ్లు తిరక్కముందే, 1994లో వచ్చిన కొత్త వెర్షన్‌లో అకూమా అనే దాచిన పాత్ర కనిపించింది. బాగా ఆడితే చివర్లో ఊడిపడి, బైసన్‌ని మట్టుబెట్టి నీతో తలపడతాడు. పత్రిక వేసిన జోకు గేమ్‌లోకి వెళ్లి కూర్చుందన్నమాట.

పోకెమాన్ అనే వింత జీవులను పట్టే గేమ్‌లో మ్యూ కథ కూడా ఇలాంటిదే. 1996లో మొదటి గేమ్ దాదాపు పూర్తయ్యాక, పరీక్షల కోసం పెట్టిన ప్రోగ్రాములు తీసేస్తే కార్ట్రిడ్జ్‌లో సుమారు 300 బైట్ల ఖాళీ మిగిలింది. షిగెకి మోరిమోటో అనే ప్రోగ్రామర్ అందులో 151వ పోకెమాన్‌ని ఇరికించాడు. మామూలుగా ఆడేవాళ్లకు అది దొరకదు. జపాన్ పిల్లల పత్రిక కోరోకోరో 20 మందికి మాత్రం ఇస్తామంటే 78 వేల దరఖాస్తులు వచ్చాయి. మరి మిగతావాళ్లు ఏం చేస్తారు? ఓడ రేవు దగ్గర, ఏ పనీ లేకుండా నిలబెట్టిన ఒక ట్రక్కు కింద మ్యూ ఉందన్నారు. ట్రక్కు నిజంగా ఉంది, మ్యూ కూడా నిజంగా ఉంది. దాని కింద ఇది ఉందన్నదొక్కటే అబద్ధం. తర్వాత 2003లో, ఆటలోని ఒక లోపాన్ని వాడుకుని ఏ పత్రిక దయా లేకుండా మ్యూని పట్టే పద్ధతి బయటపడింది. అది వింటే ట్రక్కు కథే నయమనిపిస్తుంది, అంత తిరకాసు. 2004లో అదే గేమ్‌ని మళ్లీ చేసినప్పుడు ఆ ట్రక్కు దగ్గర ఒక బిస్కెట్ దాచిపెట్టారు. వెతికినందుకు కూలి.

మనవాళ్లకు ఈ లోకం పరిచయమైంది పత్రికల్లో కాదు, నెట్ సెంటర్లలో. గంటకు పదో పదిహేనో రూపాయలు, పైరసీ సీడీ నుంచి ఎక్కించిన జీటీఏ వైస్ సిటీ, ఆ తర్వాత శాన్ ఆండ్రియాస్. లెక్కల నోట్‌బుక్కు చివరి పేజీలో చీట్ కోడ్‌లు. పాంజర్ అంటే ట్యాంకు దిగుతుంది. హెసోయామ్ అంటే ఆరోగ్యం, కవచం, చేతిలో రెండున్నర లక్షల డాలర్లు. ఏజాక్మీ అంటే పోలీసులు నీ జోలికి రారు. అర్థంపర్థం లేని అక్షరాలు, కానీ కొడితే పనిచేసేవి. హెసోయామ్ పనిచేసిన లోకంలో, అర్ధరాత్రి పొగమంచులో కారు దిగి కెమెరా పట్టుకుని నడిస్తే బిగ్‌ఫుట్ అనే కోతిమనిషి కనిపిస్తాడంటే ఎందుకు నమ్మకూడదు?

మా బ్యాచ్‌లో ఒకడు చూశానన్నాడు. ఎప్పుడడిగినా నిన్న సాయంత్రమే, మేం లేనప్పుడే. వాడి మాట మీద నేనూ ఒక గంట ఖర్చుపెట్టాను.

ఆ గంట ఇప్పటికీ గుర్తుంది. శాన్ ఆండ్రియాస్ మ్యాప్‌లో చిలియాడ్ కొండ, దాని చుట్టుపక్కల బ్యాక్ ఓ బియాండ్ అనే అడవి. కథకు ఆ అడవితో పెద్దగా పనిలేదు. మంచు దిగితే పదడుగుల అవతల ఏముందో తెలియదు. పాత మెషీన్లు దూరంగా ఉన్నవాటిని ఒకేసారి చూపించలేవు కాబట్టి చెట్లు ఉన్నట్టుండి ఎదుట లేస్తాయి. నల్లటి మొద్దు ఒకటి నిలువునా కనబడేసరికి గుండె ఆగినంత పనవుతుంది. ఆపైన కార్లు. ఎవరూ లేని, సొట్టలు పడిన గ్లెండేల్ కార్లు కొండవాలు మీద వాటంతటవే కదిలొస్తాయి. దెయ్యం కార్లన్నారు. గేమ్ ఆ కారును ఏటవాలు నేల మీద పెడుతుంది, లోపల బ్రేకు వేసేవాడు లేడు, ఆటగాడు దగ్గరికి రాగానే అది జారుతుంది. అంతే సంగతి. కానీ రాత్రిపూట, హెడ్‌ఫోన్‌లో గాలి చప్పుడు తప్ప ఇంకేం లేనప్పుడు ఆ వివరణ ఎవరికి తడుతుంది?

ఊళ్లలో తొంభైల్లో తలుపుల మీద సుద్దముక్కతో ఓ స్త్రీ రేపు రా అని రాసుకున్న జనం పిల్లలం మేము. రాసినవాళ్లలో ఎంతమంది నిజంగా నమ్మారో తెలీదు, రాయనివాళ్లు మాత్రం తక్కువ.

బిగ్‌ఫుట్ లేడని రాక్‌స్టార్ సీఈవోగా ఉన్న టెర్రీ డోనోవన్ అప్పుడే చెప్పాడు, నిజజీవితంలో లేనట్టే ఇందులోనూ లేడని. ఎవరు వింటారు? పైగా 2005 వేసవిలో ఇంకో సంగతి జరిగింది. గేమ్ పీసీకి వచ్చిన కొద్ది రోజులకే, కంపెనీ తాళం వేసి వదిలేసిన ఒక శృంగార సన్నివేశాన్ని, మాడ్‌లు చేసేవాళ్లు, అంటే గేమ్‌ని సొంతంగా మార్చుకునేవాళ్లు తెరిచారు. హాట్ కాఫీ గొడవ అని పేరు పడింది. అమెరికాలో జూలైలో గేమ్ రేటింగ్‌ని పెద్దలకు మాత్రమే అని మార్చారు, పెద్ద దుకాణాలు అమ్మకం ఆపేశాయి. కంపెనీ మొదట ఇది బయటివాళ్ల పని అంది. తీరా చూస్తే ఆ సరుకు డిస్కులోనే ఉంది. అది దాచినవాళ్లు ఒక కోతిమనిషిని దాచలేరా? ఈ ప్రశ్నకు అప్పట్లో మా దగ్గర జవాబు లేదు, నిజం చెప్పాలంటే ప్రశ్న తప్పేం కాదు కూడా.

జవాబు ఫైళ్లలో ఉంది. గేమ్ బొమ్మలన్నీ ఉండే పెద్ద ఫైలును విప్పే టూల్స్ త్వరలోనే వచ్చాయి. విప్పినవాళ్లకు కార్లు, మనుషులు, చెట్లు, తలుపులు దొరికాయి. బిగ్‌ఫుట్ బొమ్మ మాత్రం లేదు. అక్కడితో కథ అయిపోవాలి. కానీ విప్పిన టూల్స్‌తోనే కొత్త బొమ్మ ఎక్కించవచ్చు. కొందరు సరదాగా బిగ్‌ఫుట్ మాడ్‌లు చేశారు. వేరెవరో వాటిని ఆడి, మసక వీడియోలు తీసి, ఇదిగో రుజువు అని యూట్యూబ్‌లో పెట్టారు. అబద్ధమని తేల్చిన పనిముట్టే దానికి సాక్ష్యం తయారుచేసింది.

2010 వచ్చేసరికి వేటగాళ్లు ఆగలేదు గానీ కథకులు మారారు. మైన్‌క్రాఫ్ట్ అనే గేమ్‌లో హీరోబ్రైన్ అనే తెల్లకళ్ల మనిషి ఒక స్క్రీన్‌షాట్‌తో పుట్టాడు. తర్వాత ఒక లైవ్ స్ట్రీమ్‌లో, హీరోబ్రైన్‌లా కనిపించేలా ముందే బొమ్మ మార్చి పెట్టిన చోటికి ఆడేవాడు అనుకోకుండా వచ్చినట్టు నటించాడు. తయారుచేసిన మోజాంగ్ కంపెనీ ఖండించి ఊరుకోలేదు. 2011 నుంచి అప్‌డేట్ల జాబితాల్లో హీరోబ్రైన్‌ని తీసేశాం అని ఒక లైను వేయడం మొదలుపెట్టింది. లేనివాణ్ణి తీసేయడమేంటి? తీసేశారంటే ఇంతకు ముందు ఉన్నట్టే కదా అని పిల్లలు వాదించారు. గాంట్ బ్రిడ్జి మీద బోర్డు లాంటిదే ఇదీ.

అదే సమయంలో ఇంకో రకం కథ పుట్టింది, అది నాకు అంత నచ్చదు. పోకెమాన్ గేమ్‌లో లావెండర్ టౌన్ అనే ఊరి సంగీతం విని 1996లో జపాన్ పిల్లలు చనిపోయారన్నది ఆ కథ. అలాంటిదేమీ జరగలేదు. జరిగింది వేరు. 1997 డిసెంబర్ 16న టీవీలో వచ్చిన పోకెమాన్ కార్టూన్‌లో ఎరుపు, నీలం వెలుగులు వేగంగా మెరిసే సీను చూసి ఫిట్స్, తలతిప్పులతో దాదాపు 685 మంది పిల్లలు ఆస్పత్రులకు చేరారు. ఎవరూ చనిపోలేదు. ఆ నిజం గోడకు ఈ పాక వేశారు.

2017లో మన దగ్గర, ఆడే పిల్లలను ఆత్మహత్య దాకా నెడుతుందన్న బ్లూ వేల్ గేమ్ భయం వచ్చినప్పుడు కూడా ఇదే వరస. డౌన్‌లోడ్ చేసుకునే గేమ్ ఏదీ లేకపోయినా, లింకులు తొలగించమని కేంద్రం ఇంటర్నెట్ కంపెనీలకు లేఖలు రాసింది, టీవీల్లో చర్చలు నడిచాయి, ఇళ్లలో ఫోన్లు లాక్కున్నారు. అనుమానం ఉన్న మరణాలను పరిశీలించిన కమిటీకి ఏ ఒక్కదానిలోనూ దాని పాత్ర రుజువు కాలేదని 2018 జనవరిలో ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. ఆ వార్తకు చర్చలేం పెట్టలేదు. బిగ్‌ఫుట్ వల్ల నాకు పోయింది పదిహేను రూపాయలే.

రాక్‌స్టార్ ఆ పాత పుకారును మర్చిపోలేదు. 2013లో వచ్చిన జీటీఏ 5లో, ఆటను నూటికి నూరు శాతం పూర్తిచేసినవాళ్లకు ఒక మిషన్ ఇచ్చారు. వేటగాడితో కలిసి అడవిలో రక్తపు మరకలు వెతుక్కుంటూ వెళ్లాలి. జుట్టున్న ఆకారం ఒకటి పరుగెడుతుంది, వెంటపడి పట్టుకోవాలి. పట్టుకుంటే, బిగ్‌ఫుట్ వేషం వేసుకున్న మామూలు మనిషి.

ఈ గేమ్‌లోనూ చిలియాడ్ కొండ ఉంది. పైన కేబుల్ కారు స్టేషన్ గోడ మీద ఎవరో గీసినట్టు ఒక బొమ్మ: గీతలు, గళ్లు, కింద ఒక పళ్లెం ఆకారం, ఒక గుడ్డు, వీపుకి ఏదో తగిలించుకున్న మనిషి. అది జెట్‌ప్యాకే అని ఆడేవాళ్లు ఏళ్ల తరబడి వెతికారు, ఫైళ్లు విప్పారు, మ్యాప్ మీద గీతలు గీశారు. అన్నీ పూర్తిచేసి, తెల్లవారుజామున 3 గంటలకు, ఉరుములతో వాన పడుతుండగా ఆ శిఖరం మీద నిలబడితే ఎగిరే పళ్లెం మాత్రం నిజంగానే కనిపిస్తుంది. అంతకు ముందు వెళ్తే ఏమీ ఉండదు. అక్కడి చెక్క అరుగు మీద మాత్రం ఒక వాక్యం రాసి ఉంటుంది: నీ కథ పూర్తయ్యాక మళ్లీ రా.