పాకాన్ని బట్టే పంపకం

సంక్రాంతికి మా తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్లలో రెండు రకాల పంపకాలు జరుగుతాయి. పొద్దున వండిన బెల్లం పొంగలి గిన్నెల్లోకెక్కి పక్కింటికీ ఎదురింటికీ వెళ్తుంది. సాయంత్రం అయ్యాక ఎవరూ పంపరు, పంపినా తీసుకున్నవాళ్లు ఒకసారి వాసన చూసుకునే నోట్లో పెట్టుకుంటారు. అత్తిరసాలు అలా కాదు. స్టీలు డబ్బాలో సర్దుకుని బెంగళూరులో ఉన్న కొడుకు దగ్గరికీ, మద్రాసులో ఉన్న చిన్నమ్మ దగ్గరికీ బస్సెక్కుతాయి. వాటిని పది పదిహేను రోజులు నిదానంగా తింటారు. రెండింట్లోనూ ఉన్నది బియ్యం, బెల్లం, కాస్త నెయ్యో నూనో. సరుకులు దాదాపు అవే అయినప్పుడు ఒకటి పూటలో పాడై, ఇంకొకటి పక్షం రోజులు ఎలా నిలుస్తోంది?

నూనెలో వేగింది కాబట్టి అంటారు చాలామంది. అది సగం నిజమే. గారె కూడా నూనెలో వేగిందే కదా, మర్నాటికి జిగురు సాగుతుంది. అసలు లెక్క నీళ్లది. ఆ నీళ్లు కూడా మొత్తం ఎన్ని ఉన్నాయన్నది కాదు, సూక్ష్మజీవులకు ఎన్ని చిక్కుతాయన్నది ముఖ్యం. పంచదార, బెల్లం, ఉప్పు నీటి అణువుల్ని తమ చుట్టూ కట్టిపడేస్తాయి. అలా కట్టుబడిన నీరు గిన్నెలో ఉన్నా బ్యాక్టీరియాకు లేనట్టే. ఆహార శాస్త్రంలో దీన్ని వాటర్ యాక్టివిటీ అంటారు. స్వచ్ఛమైన నీటికి 1 అని పెట్టుకుని కిందికి కొలుస్తారు. అన్నం, పొంగలి లాంటివి 0.95 పైనే ఉంటాయి. 0.90 దిగితే చాలా రకాల బ్యాక్టీరియా పెరగలేవు. 0.80 దిగితే మామూలు బూజులు కూడా చాలావరకు ఆగిపోతాయి. 0.60 కన్నా దిగిందంటే ఏ సూక్ష్మజీవీ పెరగదు. తేనె ఏళ్ల తరబడి నిలిచేది ఈ అంచు దగ్గరే ఉంటుంది కాబట్టి.

ఇంట్లో ఈ కొలత తీసే యంత్రం ఉండదు, పాకం ఉంటుంది. ఎంతసేపు కాయాలని అవ్వని అడిగితే ఏ అవ్వా నిమిషాలు చెప్పదు, "పాకం వచ్చిందాకా" అంటుంది. తప్పించుకునే జవాబులా వినిపిస్తుంది గానీ అంతకన్నా కచ్చితమైన జవాబు ఇంకోటి లేదు. ఉత్త నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరిగి అక్కడే ఆగిపోతాయి, ఎంత మంట పెట్టినా పైకి పోవు. చక్కెర కలిస్తే ఆ మెట్టు పైకి జరుగుతుంది. నీరు ఆవిరయ్యేకొద్దీ చక్కెర చిక్కబడుతుంది, చిక్కబడేకొద్దీ వేడి ఎక్కుతుంది. అందుకే పాకం ఎంత వేడి మీదుందో తెలిస్తే అందులో ఎంత నీరు మిగిలిందో చెప్పొచ్చు. 106 నుంచి 112 డిగ్రీల మధ్య తీగ పాకం. 112 నుంచి 116 మధ్య, నీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కట్టే పాకం, అప్పటికి చక్కెర దాదాపు 85 శాతం. 121 నుంచి 130 దాకా గట్టి ఉండ, చక్కెర 92 శాతం. 146 దాటితే పళ్లెం మీద కొడితే టంగుమనే ముదురు పాకం, అందులో నీరు ఒక్క శాతమే. ఇవి పంచదారకు కట్టిన లెక్కలు. బెల్లంలో వేరే చక్కెరలూ ఖనిజాలూ ఉంటాయి కాబట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది.

ఈ శాతాల్ని గ్రాముల్లోకి మార్చి చూస్తే పొయ్యి దగ్గర పడే టెన్షన్‌కి కారణం తెలుస్తుంది. కిలో పంచదారలో అరలీటరు నీళ్లు పోసి మొదలుపెట్టారనుకుందాం. చక్కెర 80 శాతానికి చేరి తీగ సాగేటప్పటికి 250 గ్రాముల నీరు మిగులుతుంది. మెత్తటి ఉండకు 176 గ్రాములు, గట్టి ఉండకు 87, ముదురు పాకానికి 10 గ్రాములు. మొదటి పావులీటరు ఆవిరవడానికి బోలెడంత సేపు పడుతుంది, గరిటె పక్కన పెట్టి కబుర్లు చెప్పుకోవచ్చు. ఆ తర్వాత మెత్తటి ఉండకూ గట్టి ఉండకూ మధ్య తేడా కాఫీ కప్పులో సగం నీళ్లంత. మంట మీద అది పోవడానికి ఎంతసేపు? ఫోనెత్తి హలో అనేలోపు అత్తిరసాల పాకం చెనక్కాయ ఉండల పాకం అయిపోతుంది.

థర్మామీటర్ కొనుక్కుంటే పోలేదా అని ఇప్పటి పిల్లలు అడుగుతారు. కొనుక్కోవచ్చు. కానీ అది ఊరిని బట్టి మారుతుందని గుర్తుపెట్టుకోవాలి. ఎత్తుకు పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి నీళ్లు త్వరగా మరుగుతాయి, సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ తేడా. తిరుమల కొండ సుమారు 850 మీటర్ల ఎత్తు, అక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కింద తిరుపతిలో 115 దగ్గర దించిన పాకాన్ని కొండ మీద కూడా 115 దాకా కాస్తే రెండు డిగ్రీలకు పైగా ముదిరిపోతుంది. చల్లటి నీళ్ల గిన్నెలో చుక్క వేసి వేళ్లతో దగ్గరికి తీసి చూసే పద్ధతికి ఈ గొడవ లేదు. వేళ్లు నేరుగా చిక్కదనాన్నే పట్టుకుంటాయి. ఏ ఎత్తులోనైనా ఉండ ఉండే.

అత్తిరసం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. కోస్తావాళ్లు అరిసెలు అనేవే ఇవి. చూడటానికి సాదా వంట, లోపల జరిగేది చాలా ఉంది. బియ్యం రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంచి, బట్ట మీద నీడలో ఆరబోస్తారు. పూర్తిగా ఆరనివ్వరు. పిడికిట పట్టి నొక్కితే ముద్దగా నిలిచేంత తడి ఉండగానే పిండి కొట్టిస్తారు. ఎండిన బియ్యాన్ని మరలో వేస్తే గింజ గట్టిగా ఉండి, రాపిడికీ వేడికీ పిండిపదార్థపు రేణువులు చితికిపోతాయి. చితికిన రేణువు నీటిని విపరీతంగా పీలుస్తుంది, అత్తిరసం గట్టిపడుతుంది. నానిన గింజ మెత్తగా విడిపోతుంది, రేణువులు చాలావరకు చెక్కుచెదరకుండా పిండిలోకి వస్తాయి.

ఇప్పుడా పిండిని సలసలా కాగే బెల్లం పాకంలో పోస్తారు. మామూలుగా బియ్యపు పిండి 70 డిగ్రీల చుట్టుపక్కల నీరు పీల్చి ఉబ్బి గంజి కడుతుంది. 115 డిగ్రీల పాకంలో పడితే క్షణంలో గంజి కావాలి కదా? కాదు. పాకంలోని నీటిని బెల్లం పట్టేసుకుంది, రేణువుకు అందేది కొద్దే. చక్కెర గాఢత పెరిగేకొద్దీ పిండి ఉడికే వేడి కూడా పైకి జరుగుతుంది. అందుకే చలిమిడి ఉడకదు, ముద్దగానే ఉంటుంది. దాన్ని ఒక రాత్రి మూతపెట్టి ఉంచితే పిండిలోని తడీ పాకంలోని తడీ సర్దుకుని సమానమవుతాయి. మర్నాడు తట్టేటప్పుడు అంచులు పగలకపోవడానికి కారణం అదే. లేత పాకంతో చేస్తే నీరు ఎక్కువై ముద్ద వదులుగా ఉంటుంది, నూనెలో పడగానే ఆవిరి దాన్ని చీల్చేస్తుంది, బాణలి అడుగున బెల్లం మాడుతుంది. ముదిరితే, రెండో రోజుకే పంటి కింద రాయి.

పాకం సరిగ్గా పట్టినా అత్తిరసాలు కుదరని రోజులుంటాయి. అప్పుడు తప్పు చేతిది కాదు, బెల్లానిది. చెరకు నరికిన వెంటనే గానుగ ఆడకపోతే గడలోని సుక్రోజ్ అనే చక్కెర విడిపోయి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అవుతుంది. ఈ రెండూ ఎక్కువైన బెల్లం గడ్డకట్టక జిగురుగా ఉంటుంది, గాలిలోని తేమను లాక్కుంటుంది. చెరకు పండించే చిత్తూరు పల్లెల్లో బెల్లాన్ని వేలితో నొక్కి, ముక్క విరిచి చూసి కొనే అలవాటు ఊరికే రాలేదు. విరిస్తే లోపల గరుకుగా, పలుకులుగా కనిపించాలి. రసాయనం పట్టించి తెల్లగా చేసిన బెల్లం చూడ్డానికి బాగుంటుందేమో గానీ, పాకానికి రంగుతో పని లేదు.

పంపకం అనగానే మా ఊళ్లో శ్రీవారి లడ్డు రాకుండా ఉండదు. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దేవస్థానం సరుకుల కొలతను దిట్టం అంటారు. 5,100 లడ్లకు శనగపిండి 180 కిలోలు, నెయ్యి 165, చక్కెర 400, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4 కిలోలు. మొత్తం 803 కిలోలు. ఇందులో చక్కెర ఒక్కటే సగం, శనగపిండికి రెట్టింపు దాటింది. భక్తులు తీపి ఎక్కువైందని విసుక్కోవచ్చు గానీ, ఆ తీపే లడ్డును రైలెక్కించి ఊరు దాటిస్తోంది. నేతిలో వేగేటప్పుడు బూందీలో నీరు చాలావరకు పోతుంది, పాకంతో వచ్చిన కాస్త నీటినీ ఇంత చక్కెర కట్టేసుకుంటుంది. లడ్డు కవరు మూతి గట్టిగా బిగించి పెట్టొద్దు అనేది మాత్రం పాటించాల్సిన మాట. వెచ్చటి లడ్డు నుంచి లేచిన ఆవిరి కవరు లోపల చుక్కలుగా దిగితే, ఆ చుక్క పడిన చోట చక్కెర పలచబడి ముందు అక్కడే బూజు పడుతుంది.

బొరుగుల ఉండలకు గండం ఇంకో వైపు నుంచి వస్తుంది. బొరుగుల్లో తడి దాదాపు ఉండదు కాబట్టి పాకం బాగా ముదరాలి, లేకపోతే పాకంలోని నీరు బొరుగుల్లోకి దిగి కరకరలాడాల్సినవి మెత్తబడతాయి. ముదురు పాకం చల్లారితే గాజులా గడ్డకడుతుంది, ఆ గాజు తేమ తగిలితే కరుగుతుంది. కార్తీక మాసమేమో మా వైపు ఈశాన్య రుతుపవనాల వానలకాలం. పున్నమికి చేసిన ఉండలు పళ్లెంలో బయటపెడితే గంటల్లో చేతికి అంటుకుంటాయి. డబ్బా తప్ప వేరే మందు లేదు.

పొంగలి సంగతికి వస్తే, అందులో బెల్లం ఎంత వేసినా నీళ్లు అంతకు మించి ఉంటాయి, కాబట్టి తీపి దాన్ని కాపాడలేదు. వండేటప్పుడు బియ్యం, పెసరపప్పు పూర్తిగా ఉడికాకే బెల్లం వేయాలని పెద్దవాళ్లు చెప్పేదీ నీటి మాటే. ముందే వేస్తే బెల్లం నీటిని పట్టేస్తుంది, బెల్లంలోని కాల్షియం పప్పును గట్టిపరుస్తుంది, ఎంతసేపు ఉడికించినా పలుకు పోదు. పాలు పోసే పరమాన్నంలో ఇంకో చిక్కు ఉంది. బెల్లపు పులుపుకూ ఖనిజాలకూ మరుగుతున్న పాలు విరిగిపోతాయి, అందుకే పొయ్యి దించి కాస్త చల్లారాక కలపాలి.

వండిన బియ్యంలో పొంచి ఉండేది బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా. దాని విత్తుల్లాంటి స్పోర్లు ఉడుకులో చావవు. గిన్నె గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి, వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. మే నెల తిరుపతి ఎండలో వంటిల్లు దానికి ఇంకుబేటరే. మిగిలిన పొంగలిని రెండు గంటల్లోపు వెడల్పాటి పళ్లేల్లోకి పలచగా తీసి ఫ్రిజ్‌లో పెట్టాలి. లోతైన గిన్నెతో పెడితే నడిమధ్య చాలాసేపు వెచ్చగానే ఉండిపోతుంది.

నీళ్లు తగ్గించకుండా వంటను నిలబెట్టే దారి ఒకటుంది, పులుపు. పులుపును కొలిచే అంకె పి.హెచ్., అది ఎంత దిగితే అంత పులుపు. పి.హెచ్. 4.6 కన్నా దిగితే ఇలాంటి స్పోర్లలో చాలావాటికి పెరగడం కష్టం. చింతపండు గట్టిగా పట్టించిన పులిహోర ప్రయాణాల్లో నిలిచేది అందుకే. నాలుక మీద పులుపు సరిగ్గా తెలియని పులిహోరకు ఆ హోదా ఇవ్వకండి. గంగమ్మ జాతరకు పోసే రాగి అంబలిదీ ఇదే దారి, చింతపండుకు బదులు అక్కడ బ్యాక్టీరియానే పని చేస్తుంది. రాత్రి పులియబెట్టిన రాగిపిండిలో లాక్టిక్ ఆమ్లం పుట్టి, కుండ నిండా నీళ్లున్నా చెడు సూక్ష్మజీవుల్ని ఆపుతుంది. రాగిలోని కాల్షియాన్నీ ఇనుమునూ పట్టి ఉంచే ఫైటేట్ కూడా ఈ పులుపుకు తగ్గుతుంది. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా కాల్షియం ఉంటుంది, అది ఒంటికి పట్టాలి కదా. పొద్దున మిగిలిన సంగటి ముద్దను రాత్రి మజ్జిగలో వేసి, మర్నాడు ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగే వాళ్లు చేసేదీ ఇదే.

దూరప్రయాణానికి పెరుగన్నం కట్టే తల్లులు దీన్ని ఇంకా తెలివిగా వాడతారు. పెరుగు కలిపితే మధ్యాహ్నానికి పుల్లబడి తినలేం, ఉత్త పాలన్నం పెడితే పాడైపోతుంది. కాబట్టి కాచిన పాలు ఎక్కువ పోసి, తోడు ఒక చెంచా వేసి డబ్బా కడతారు. బస్సు కదులుతుండగా లోపల అన్నం తోడుకుంటూ ఉంటుంది, మంచి బ్యాక్టీరియా పెరుగుతూ పులుపుతో చెడ్డవాటికి దారి మూస్తుంది. ఇక్కడ తప్పకూడనిది వేడి ఒక్కటే. అన్నం చేతికి గోరువెచ్చగా తగిలేదాకా, అంటే 40, 45 డిగ్రీలకు దిగేదాకా ఆగి కలపాలి. పొగలు కక్కే అన్నంలో తోడు వేస్తే ఆ బ్యాక్టీరియా అప్పుడే చచ్చిపోతుంది, మధ్యాహ్నం మూత తీసేసరికి డబ్బాలో ఉండేది పాడవబోతున్న పాలన్నమే.